పాతిల్లు ఏ ఏడు కట్టారో తేల్చుకోవడం ఎలా?

నోట్‌బుక్కు, పెన్సిల్, టార్చి, ఫోను, అంతే. పెన్సిలే, పాత దస్తావేజు పక్కన పెన్ను పెట్టుకుని కూర్చునేవాళ్ళని నేను అసలు నమ్మను.

ముందు ట్రంకు పెట్టెలో కాగితాలన్నీ తీసి ఫోటోలు కొట్టుకోండి, లామినేషన్ మాత్రం చేయించబాకండి. ఆన్‌లైన్లో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తుంది, అంతకుముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి పోవాల్సిందే. కనిగిరి, పొదిలి, దర్శి వాళ్ళ పాత కాగితాల్లో నెల్లూరు జిల్లా అని ఉంటే కంగారు పడబాకండి, ప్రకాశం పుట్టిందే 1970లో. ఒంగోలు వాళ్ళకైతే 1904 దాకా నెల్లూరు, ఆ తర్వాత గుంటూరు.

కొంతమంది పైకెక్కి మంగుళూరు పెంకు తిప్పి, కంపెనీ ముద్ర చూసి ఇంటి వయసు చెప్పేస్తా ఉంటారు. గాలివానకి పగిలితే పెంకులు మారుస్తారు కదా, అది పెంకు వయసు, ఇంటిది కాదు.

అసలు తిప్పలంతా తెలుగు సంవత్సరంతోనే. మా సింహద్వారం పైచెక్క మీద పసుపు, నూనె జిడ్డు కింద "నల సం. మాఘ శు. 5" అని ఉంది, టార్చి పక్కనుంచి వాల్చి కొడితే గానీ కనపడదు. నల అంటే 1976, దానికి అరవై ఏళ్ళ ముందు 1916, ఇంకో అరవై ఎనక్కి పోతే 1856, మూడూ నలే. స్థలం కొన్న దస్తావేజు స్టాంపు మీద ఐదో జార్జి ఉన్నాడు, ఆయన గద్దెనెక్కింది 1910లో, కాబట్టి 1856 కాదు, మా జేజి ఆ ఇంటికే కాపురానికొచ్చింది కాబట్టి 1976 అసలు కాదు. గడ్డం చూసి ఐదో జార్జి అనేసుకోబాకండి, ఏడో ఎడ్వర్డుకీ గడ్డమే, పేరు చదవండి.

అయినా 1916 అని రాసేసుకోబాకండి! మాఘం ఉగాదికి ముందొచ్చే నెల, అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయుంటుంది, అంటే 1917 జనవరి చివర. ఇది చూసుకోకుండా మా నాయన గోడ మీద సిమెంటుతో 1916 అని పోయించి, 2016 మాఘంలో చుట్టాలందర్నీ పిలిచి వందేళ్ళ పండగ చేశాడు, ఇంటికేమో తొంభై తొమ్మిదే. శిస్తు రసీదు మీద ఉండే ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, దాంతోనూ ఇదే గొడవ, ఫసలీ 1326 అంటే 590 కలిపితే 1916, కానీ అది జూలైలో మొదలవుతుంది, జనవరి నుంచి జూన్ దాకా అయితే 591 కలపాలి.

ఇదంతా అయ్యాకే పెద్దవాళ్ళ దగ్గరికి పోండి, ముందు పోతే వాళ్ళు చెప్పిన ఏడే మన బుర్రలో కూర్చుంటుంది. ఏ సంవత్సరం అని అడగబాకండి, ఏ గదిలో ఎవరు పుట్టారని అడగండి.