రెక్క ఎందుకు లేస్తుంది? గ్రౌండ్‌లో గొడవని కిచెన్ స్కేల్ మీద తేల్చుకునే పద్ధతి

ఆర్‌సీ విమానాలు, అంటే రిమోట్‌తో నడిపే చిన్న మోడల్ విమానాలు ఎగరేసేవాళ్లు నలుగురు చేరితే, బ్యాటరీలు చార్జ్ అయ్యేదాకా నడిచే గొడవ ఒకటుంది. అసలు విమానం ఎందుకు ఎగురుతుంది? మేడ్చల్ అవతల మేం ఎగరేసే గ్రౌండ్‌లో ఇది లేకుండా ఆదివారం గడవదు. ఇంజినీరింగ్ కుర్రాడు బెర్నూలీ అంటాడు: గాలి వేగం పెరిగినచోట ఒత్తిడి తగ్గుతుంది, ఆ ఒత్తిడి తేడానే రెక్కని లేపుతుందని. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేసిన అమ్మాయి న్యూటన్ అంటుంది: రెక్క గాలిని కిందకి తోస్తే గాలి రెక్కని పైకి తోస్తుందని. రిటైరైన బాబాయి ఒకాయన, "ఇంజన్ గట్టిదైతే ఇటుకరాయి కూడా ఎగురుతుందమ్మా, ఫాంటమ్‌ని చూడు" అని అమెరికా వాళ్ల ఎఫ్-4 యుద్ధవిమానాన్ని సాక్ష్యానికి పిలుస్తారు. ఆ వారమే మోటారు, లైపో బ్యాటరీ కొత్తవి కొన్నాయన "దేనివల్లా కాదు, డబ్బు వల్ల" అని తేల్చేస్తారు. అందరూ నవ్వుతారు, గొడవ వచ్చే వారానికి వాయిదా.

ఈ ప్రశ్నని వాయిదా వెయ్యక్కర్లేదు. ఇంట్లో ఒక సాయంత్రం చాలు.

కావల్సినవి: ఒక టేబుల్ ఫ్యాన్, ఒక గ్రాము తేడా చూపించే డిజిటల్ కిచెన్ స్కేల్, 5 మి.మీ. మందం థర్మాకోల్ షీటు, ఒక పెద్ద అట్టపెట్టె, అరకిలో బరువున్న చెక్కదిమ్మ, అడుగు పొడవున్న వెదురు పుల్ల, ఊలు దారం, కోణమానిని. అతికించడానికి ఫెవికాల్ వాడండి. ఫెవిక్విక్ థర్మాకోల్‌ని కరిగించేస్తుంది.

ముందు గాలిని దారిలో పెట్టాలి. టేబుల్ ఫ్యాన్ గాలి సుడి తిరుగుతూ వస్తుంది. దాంట్లో రెక్క పెడితే స్కేల్ మీద అంకె నిలవదు. అట్టపెట్టె నుంచి 10 సెం.మీ. వెడల్పు పట్టీలు కోసి, ప్రతి 3 సెం.మీ.కి సగం లోతు గాటు పెట్టి, ఒకదాంట్లో ఒకటి దూర్చి గళ్లగళ్లుగా అల్లండి. ఈ చట్రాన్ని ఫ్యాన్ ముందు నిలబెడితే అవతలికి వచ్చే గాలి చాలావరకు తిన్నగా ఉంటుంది. ఈ పనికి బద్ధకించకండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

రెక్క 30 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు. ముందంచుని ఉప్పుకాగితంతో కాస్త గుండ్రంగా రుద్దండి. వంపు ఏమీ వద్దు, బల్లపరుపుగానే ఉండనివ్వండి. చెక్కదిమ్మలో వెదురు పుల్ల దిగ్గొట్టి, దాని కొస మీద రెక్క నడుమ భాగం కూర్చోవాలి. పుల్లకీ రెక్కకీ మధ్యలో పెట్టడానికి, ముందంచు పైకి లేచేలా 0, 5, 10, 15, 20 డిగ్రీల వాలుతో థర్మాకోల్ ముక్కలు కోసి పెట్టుకుంటే కోణం మార్చడం తేలిక. దిమ్మని స్కేల్ నడిమధ్యలో పెట్టి, ఫ్యాన్ గాలి స్కేల్‌కి తగలకుండా ముందు ఒక లావుపాటి పుస్తకం నిలబెట్టండి. గాలి రెక్కకి మాత్రమే తగలాలి.

టేర్ నొక్కి సున్నా చేయండి. ఇక్కడొక చిక్కుంది. గాలి మెల్లగా పెరిగితే కొన్ని స్కేళ్లు ఆ చిన్న తేడాని తామే మింగేసి మళ్లీ సున్నాకి సర్దుకుంటాయి. అందుకని ఫ్యాన్‌ని ముందే ఫుల్‌లో తిరగనిచ్చి, చట్రానికి, రెక్కకి మధ్య ఒక అట్ట అడ్డం పెట్టి, టేర్ నొక్కి, అట్టని చటుక్కున లాగేయండి. అంకె మైనస్‌లోకి దూకుతుంది. ఆ మైనసే మీ లిఫ్ట్, అంటే రెక్కని పైకి లేపే బలం. గాలి సెకనుకు 4 మీటర్ల వేగంతో వస్తుంటే, 5 డిగ్రీల దగ్గర 8, 9 గ్రాములు, 10 డిగ్రీల దగ్గర దాదాపు దానికి రెట్టింపు రావాలి. ఫ్యాన్ స్పీడ్ తగ్గించి చూస్తే అంకె బాగా పడిపోతుంది. గాలి వేగం సగమైతే లిఫ్ట్ నాలుగో వంతే.

పందెంలో మొదట ఓడేది "పైన దూరం ఎక్కువ" అనే వాదన. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పైగాలి ఎక్కువ దూరం పోవాలి, కిందిగాలితో పాటే వెనకంచుకి చేరాలి కాబట్టి వేగంగా పోతుంది అని చెప్తారే, అది. మీ రెక్కకి వంపే లేదు, పైనా కిందా దూరం ఒకటే. అయినా స్కేల్ మైనస్ చూపిస్తోంది. పైగాలీ కిందిగాలీ ఒకేసారి చేరాలన్న నియమం కూడా ఎక్కడా లేదు. కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ హోల్గర్ బాబిన్‌స్కీ పొగని ఆగి ఆగి వదిలి చూపించారు: పైనుంచి పోయే గాలి కిందిదానికంటే ముందే చేరిపోతుంది.

దీనికి చెల్లెలు లాంటిది కాగితం చిట్కా. కాగితం పట్టీని పెదవి కింద పట్టుకుని పైన ఊదితే లేస్తుంది, "ఇదిగో బెర్నూలీ" అంటారు. అదే కాగితాన్ని తిన్నగా నిలువునా వేలాడదీసి ఒక పక్క ఊదండి. పక్కకి రాదు. మొదటిసారి లేచింది ఒంగిన కాగితాన్ని పట్టుకుని గాలి కూడా ఒంగింది కాబట్టి. బెర్నూలీ సూత్రం తప్పు కాదు, ఆ చిట్కా దానికి సాక్ష్యం కాదు, అంతే.

తర్వాతి వంతు "కింద గాలి కొట్టుకుని పైకి నెడుతుంది" అనేవాళ్లది. రెక్క ముందంచు నుంచి మూడో వంతు దూరంలో, 1 సెం.మీ. ఎత్తున్న అట్టపట్టీని పైభాగాన అడ్డంగా అతికించండి. కిందివైపు మీరేం ముట్టుకోలేదు, అయినా లిఫ్ట్ బాగా పడిపోతుంది. అదే పట్టీని కిందకి మార్చి చూడండి, అంతగా పడదు. రెక్కని పైకి తీసుకెళ్లేదాంట్లో పెద్ద వాటా పైవైపుదే. పెద్ద విమానం దిగగానే రెక్క మీద పలకలు లేస్తాయి, కిటికీ పక్కన కూర్చుని చూసే ఉంటారు. అవి చేసేదీ ఇదే పని.

ఇక న్యూటన్ పక్షం. ఒక పుల్లకి ఊలు దారం కట్టి, రెక్క లేకుండా గాలిలో పట్టుకుని, అది ఎటు వాలుతోందో వెనక అట్ట మీద గీత గీయండి. తర్వాత 10 డిగ్రీల్లో రెక్క పెట్టి, దాని వెనకంచు దగ్గర అదే దారాన్ని పట్టుకోండి. దారం గీత కన్నా కిందకి వాలుతుంది. రెక్క గాలిని కిందకి మళ్లిస్తోంది, గాలి రెక్కని పైకి తోస్తోంది.

అంటే బెర్నూలీ ఓడిపోయినట్టా? కాదు. గాలిని మళ్లించాలంటే దాన్ని ఏదో ఒకటి తోయాలి, ఆ తోపు పైనా కిందా ఉన్న ఒత్తిడి తేడానే. ఒత్తిడి తక్కువున్న పైవైపుకి వచ్చే గాలి వేగం పుంజుకుంటుంది. ఇద్దరూ లెక్కేస్తున్నది ఒకే బలాన్ని. ఒకరు రెక్క ఒంటి మీద లెక్కేస్తే, ఇంకొకరు వెనకాల పోయే గాలిలో లెక్కేస్తున్నారు. ఆ కుర్రాడినీ ఆ అమ్మాయినీ ఒకే స్కేల్ ముందు కూర్చోబెట్టాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మరి వంపు ఎందుకు? డ్రాయింగ్ షీట్‌తో మధ్యలో 5 మి.మీ. ఎత్తు వచ్చేలా ఒంచి రెండో రెక్క చేయండి. సున్నా డిగ్రీల్లోనే మైనస్ కనిపిస్తుంది. బోర్లించి పెడితే ప్లస్. బోర్లించినదాన్నే 10 డిగ్రీల దాకా ఎత్తండి, మళ్లీ మైనస్. ఎయిర్ షోలో విమానం తలకిందులుగా పోయేది ఇలాగే. వంపు లాభమే కానీ తప్పనిసరి కాదు.

ఇటుకరాయి బాబాయికి నా జవాబు ఒక్కటే. మన గ్రౌండ్‌లో ఇటుకని ఎగరేయాలన్నా, దాన్ని లాగే ప్రొపెల్లర్ కూడా రెక్కే, గుండ్రంగా తిరిగే రెక్క. డబ్బు సంగతంటారా, ఈ సరంజామాలో కొత్తగా కొనేది థర్మాకోల్, ఊలు దారం.

అన్నిటికన్నా పనికొచ్చే పరీక్ష ఆఖరుది. రెక్క పైన అక్కడక్కడా 3 సెం.మీ. ఊలు పోగులు సెల్లోటేపుతో అంటించండి. 5 డిగ్రీల్లో బుద్ధిగా వెనక్కి పడుకుంటాయి. 15 దాటేసరికి వెనకవైపువి వణుకుతాయి, కొన్ని ముందుకే తిరుగుతాయి. 20 దగ్గర కోణం పెంచినా లిఫ్ట్ పెరగదు. ఇదే స్టాల్. మన మోడల్స్‌లో చాలావరకు ల్యాండింగ్‌కి ముందు పడిపోయేది దీనివల్లే. స్పీడ్ తగ్గిందని టెన్షన్‌లో ముక్కుని పైకెత్తే ఎలివేటర్ స్టిక్ లాగుతాం, కోణం ఇంకా పెరుగుతుంది, ఒక రెక్క దభీమని వాలుతుంది. ట్రాన్స్‌మిటర్ పట్టుకునే ముందు కొత్తవాళ్లకి ఈ పోగుల్ని చూపించండి. ఎత్తు ఉన్నంతలో ముక్కు కొంచెం దించి, స్పీడ్ వచ్చాకే స్టిక్ మెల్లగా లాగమనండి. బరువు కేంద్రం రెక్క వెడల్పులో ముందు నుంచి 25, 30 శాతం మధ్య ఉందో లేదో కూడా వేళ్ల మీద నిలబెట్టి చూసుకోమనండి.