లబ్‌నే ఉండలు ఎట్టకేలకు నిలిచాయి

లెబనాన్ పద్ధతి లబ్‌నే (నీళ్లు వడగట్టిన గట్టి పెరుగు) చేస్తే ప్రతిసారీ పుల్లగా వచ్చేది, ఉండలు ఆలివ్ నూనెలో వేయగానే విచ్చుకుపోయేవి. పైన బరువు పెట్టడం, రాత్రంతా వంటింట్లో వేలాడదీయడం, గుడ్డలు మార్చడం, ఏదీ కుదరలేదు.

కుదిరింది ఇది. పులవని గేదె పెరుగు కిలోకి ఒక చెంచా ఉప్పు ముందే కలిపాను. తడిపి పిండిన పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి, జల్లెడలో పెట్టి, కింద గిన్నెతో ఫ్రిజ్‌లో 24 గంటలు. అప్పటికి రొట్టెకు రాసుకునేలా అయింది. నేను ఇన్నాళ్లూ ఇక్కడే ఆగిపోయేదాన్ని! ఈసారి పొడిగుడ్డలోకి మార్చి ఇంకో రోజు ఉంచాను. నొక్కితే వేలికి అంటకుండా గుంట పడింది. అరచేతికి నూనె రాసుకుని ఉండలు చుట్టి, పళ్లెంలో ఒక పూట ఫ్రిజ్‌లోనే ఆరనిచ్చి, సీసాలో మునిగేదాకా నూనె పోశాను. సీసా కూడా ఫ్రిజ్‌లోనే. కారిన నీళ్లు చపాతీ పిండిలోకి.

ఆవు పెరుగుతో ఇంకా చూడలేదు, బహుశా ఇంకాస్త సమయం పట్టొచ్చు.