హెచ్‌పీ-41లో మెమరీ తంటాలు: అంతా చెరిపేసే ముందు ఇవి చూడండి

బెంగళూరు సర్జాపుర రోడ్డు వైపు లేఅవుట్ సర్వేలు చేసే మన తెలుగువాళ్లలో ప్రోగ్రాములు రాసుకోగల పాత కాలిక్యులేటర్ హెచ్‌పీ-41 దాచుకున్నవాళ్లు, ఫోన్‌లో ఫ్రీ42 (హెచ్‌పీ-42ఎస్ కాలిక్యులేటర్‌లా పనిచేసే యాప్) వేసుకున్నవాళ్లు ఉన్నారు. ఎర్రర్ రాగానే టెన్షన్‌తో మెమరీ మొత్తం చెరిపేయకండి. తెర మీద వచ్చిన మాట చదివితే చాలావరకు అక్కడే జవాబు దొరుకుతుంది.

స్టో లేదా రీకాల్ కొడితే ‘నాన్‌ఎగ్జిస్టెంట్’ వస్తోంది

స్టో అంటే విలువ దాచడం, రీకాల్ అంటే తిరిగి తెచ్చుకోవడం, రిజిస్టరు అంటే ఆ విలువ ఉండే నంబరు గది. అంత నంబరు రిజిస్టరు లేదని అర్థం. 41సీ మోడల్‌లో మొత్తం 63 రిజిస్టర్లు, 41సీవీ మోడల్‌లో 319. ప్రోగ్రాములూ డేటా వాటినే పంచుకుంటాయి. డేటాకు ఎన్ని రిజిస్టర్లో చెప్పే సైజ్ కమాండ్ అన్నదమ్ముల వాటాల మధ్య గోడ లాంటిది: అటు జరిపితే ఇటు తగ్గుతుంది. సైజ్ 030 అంటే 00 నుంచి 29 వరకే. 30 కావాలంటే 031 ఇవ్వాలి. తగ్గించేటప్పుడు జాగ్రత్త, పై నంబర్లలోని డేటా పోతుంది.

నంబరు సరిగ్గానే ఉన్నా ఇదే వస్తే ఇన్‌డైరెక్ట్ వాడారేమో చూడండి. స్టో ఇండ్ 05 అంటే 05లో ఉన్న సంఖ్యే చిరునామా. అక్కడ 40 ఉండి సైజ్ 030 అయితే దొరకదు. అక్షరాలుంటే ‘ఆల్ఫా డేటా’ అంటుంది.

ఎర్రర్ ఏమీ లేదు, కానీ స్టేషన్ల కోఆర్డినేట్లు మారిపోయాయి

నాకు అన్నిటికన్నా భయం దీనితోనే, ఎందుకంటే మెషిన్ నోరు మెదపదు. ట్రావర్స్ (ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు వరసగా చేసే సర్వే) విలువలు 01 నుంచి 20 దాకా పెట్టుకుని, మధ్యలో రీడింగుల సగటు కోసం మొత్తాలు కూడే సిగ్మా ప్లస్ మీట నొక్కితే, ఆ మొత్తాలన్నీ 11 నుంచి 16 వరకు ఉన్న రిజిస్టర్లలో కలిసిపోతాయి. కోఆర్డినేట్లూ పాడవుతాయి, సగటూ తప్పొస్తుంది. అనుమానం ఉంటే 16ని రీకాల్ చేయండి: ఎక్కించిన రీడింగుల సంఖ్య రావాలి. వేరేది వస్తే ఆ ఆరింటినీ ఫీల్డ్ బుక్ చూసి మళ్లీ ఎక్కించాల్సిందే.

ఇకముందు సిగ్మా రెగ్ 50 అనే కమాండ్ ఇచ్చి ఆ మొత్తాల చోటును 50 నుంచి మొదలయ్యేలా మార్చండి, సైజ్ కనీసం 056 ఉంచండి. తర్వాత క్లియర్ సిగ్మాతో ఆ మొత్తాలను సున్నా చేసి మొదలుపెట్టండి. ఫ్రీ42లో ఆల్ సిగ్మా పద్ధతి (ఇంకా ఎక్కువ మొత్తాలు దాచేది) 13 రిజిస్టర్లు తీసుకుంటుంది, అక్కడ సైజ్ 63 కావాలి.

‘ప్యాకింగ్’, ఆ వెంటనే ‘ట్రై ఎగైన్’

చోటు చాలడం లేదు. ఒకసారి మళ్లీ ప్రయత్నించండి. అదే వస్తే అక్కర్లేని ప్రోగ్రామును సీఎల్‌పీ (ప్రోగ్రాము చెరిపే కమాండ్)తో తీసేయండి, లేదా సైజ్ తగ్గించండి. రిజిస్టరుకు 7 బైట్లు. ప్రోగ్రాములో స్టో 00 నుంచి 15 వరకు ఒక్క బైటే, 16 నుంచి రెండు. అందుకే తరచూ వాడేవి కింది నంబర్లలో పెట్టడం మేలు. 3.14159 అని కొట్టకుండా π మీట వాడండి, అలాగైతే చోటు తక్కువ పడుతుంది.

‘మెమరీ లాస్ట్’

అప్పటికే పోయింది. బ్యాటరీలు మార్చేటప్పుడు ముందు ఆఫ్ చేసి, నాలుగు ఎన్ సైజు సెల్స్‌నూ ఆలస్యం లేకుండా మార్చాలి. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఈ సెల్స్‌ను ఎల్‌ఆర్1 అని అడగండి. ఏ రిజిస్టరులో ఏముందో ఒక చీటీ రాసి కవర్‌లో పెట్టుకోండి.