మోంటెపుల్చానో దాబ్రుజ్జో రుచి తేడా కొడితే: లక్షణం, కారణం, పరిష్కారం

ఇటలీ రెడ్ వైన్లలో జేబుకు మరీ భారం కానివాటిలో మోంటెపుల్చానో దాబ్రుజ్జో ముందు వరుసలో ఉంటుంది. ఒకపక్క అడ్రియాటిక్ సముద్రం, మరోపక్క గ్రాన్ సాస్సో, మయెల్లా కొండలు. ఆ మధ్యనున్న అబ్రుజ్జో ప్రాంతం దీని పుట్టిల్లు. ద్రాక్ష రకం పేరు మోంటెపుల్చానో. 1968లో దీనికి డీఓసీ గుర్తింపు వచ్చింది, అంటే ఫలానా ప్రాంతంలో ఫలానా నిబంధనల ప్రకారం తయారైందని చట్టం ఒప్పుకున్న పేరు. ఆ పేరు పెట్టాలంటే కనీసం 85 శాతం ఇదే ద్రాక్ష ఉండాలి.

ధర తక్కువ కాబట్టి ఒక్క గుక్క తాగి "చవక సరుకు ఇంతే" అని తీసిపారేసేవాళ్లు చాలామంది. అది అన్యాయం. చాలాసార్లు తప్పు వైన్‌ది కాదు. వేడి, గాలి, పక్కన పెట్టుకున్న తిండి, ఈ మూడింట్లో ఏదో ఒకటి సరిగ్గా కుదరక రుచి చెడుతుంది. నిజంగానే పాడైన సీసాలు కూడా ఉంటాయి. ఏది ఏదో తేల్చుకుంటే సీసా మొత్తం సింకులో పోసే అవసరం చాలావరకు రాదు.

మూత తీయగానే కుళ్లిన గుడ్డు వాసన

ఈ ద్రాక్షతో తరచూ వచ్చే ఇబ్బంది ఇది. రసం పులిసేటప్పుడు ఈస్ట్‌కు నత్రజని పోషకాలు చాలకపోతే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. తర్వాత వైన్‌ను గాలి తగలని స్టీలు ట్యాంకులో ఉంచి, మరమూత బిగించి పంపితే ఆ వాసన బయటికి పోయే దారి ఉండదు. మోంటెపుల్చానోకు ఈ గుణం కాస్త ఎక్కువని వైన్ తయారీదారులకు బాగా తెలుసు. ట్యాంకు మార్చేటప్పుడల్లా గాలి తగిలేలా చూడటం అందుకే.

ఇంట్లో చేయాల్సిందీ అదే. వెడల్పాటి గాజు జగ్గులోకి కాస్త ఎత్తు నుంచి పోసి, అరగంట వదిలేయండి. మధ్యలో రెండు మూడుసార్లు జగ్గును గుండ్రంగా తిప్పండి. ఎక్కువసార్లు ఆ వాసన పోయి, వెనక దాక్కున్న నల్లరేగు పండ్ల, ఎండు మూలికల పరిమళం బయటపడుతుంది. ఆ మార్పు ముక్కుకు తెలుస్తుంటే ఎంతో బాగుంటుంది. అప్పటికీ పోకపోతే శుభ్రంగా తోమిన చిన్న రాగి ముక్కను గ్లాసులో వేసి, నిమిషంపాటు కలిపి తీసేయండి. సల్ఫైడ్ రాగికి అంటుకుపోతుంది. అలాగని రాగి చెంబులో పోసి ఉంచకండి. వైన్‌లోని పులుపు రాగిని కరిగిస్తుంది, అది ఒంటికి మంచిది కాదు.

గంట గడిచాక కూడా ఉడికిన క్యాబేజీ వాసనో, కాలిన రబ్బరు వాసనో మిగిలి ఉంటే అది ముదిరిపోయిన లోపం. సీసాను షాపుకు తిరిగి ఇచ్చేయడమే.

గొంతులో మంట, ఆల్కహాల్ ఘాటు తప్ప రుచి లేదు

వైన్ వెచ్చగా ఉంది. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న సలహా యూరప్‌లోని చల్లటి రాతి ఇళ్లను చూసి పుట్టింది, అక్కడ గది అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో హైదరాబాద్ గదికైనా, ఎండాకాలం డల్లాస్ వంటింటికైనా ఆ లెక్క వర్తించదు. వడ్డించే ముందు సీసాను 30-40 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. టైమ్ లేకపోతే ఐసు, నీళ్లు కలిపిన బకెట్‌లో పదిహేను నిమిషాలు చాలు. ఓక్ పీపాలో నిల్వ చేయని లేత వైన్ 15 డిగ్రీల దగ్గర ఇంకా హాయిగా ఉంటుంది.

రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి నేరుగా పోస్తే మాత్రం కథ తిరగబడుతుంది. వాసన మూసుకుపోయి, వగరు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. అరగంట బయట పెడితే సర్దుకుంటుంది.

నాలుక పీక్కుపోయే వగరు

ముందు వగరుకూ పచ్చి చేదుకూ తేడా గమనించండి. చిగుళ్లు ఆరిపోయినట్టుండి, పండు రుచి మాత్రం నిండుగా ఉంటే అది టానిన్, అంటే ద్రాక్ష తొక్కలో ఉండే వగరు పదార్థం. మోంటెపుల్చానో తొక్క మందం, రంగూ టానిన్లూ అందులోనే దండిగా ఉంటాయి. అలా కాకుండా పచ్చి కాడ కొరికినట్టు చేదుగా, పల్చగా ఉంటే కాయ పూర్తిగా పండక ముందే కోశారని అర్థం. ఇది ఆలస్యంగా పండే రకం, అక్టోబర్ దాకా తీగ మీదే ఉండాలి. చలి ముందే వచ్చే చోట, తీగకు మోయలేనంత కాపు వదిలేసిన చోట అది సరిగ్గా పండదు. అబ్రుజ్జోలో తీగను పందిరి మీదకు ఎక్కించడం పాత పద్ధతి, రంగారెడ్డి జిల్లా ద్రాక్షతోటలు చూసినవాళ్లు వెంటనే పోల్చుకోవచ్చు. పందిరి ఎండ నుంచి కాయను కాపాడుతుంది. కాపు అదుపు తప్పితే మాత్రం రసం పల్చబడుతుంది.

టానిన్ వగరుకు మందు తిండిలోనే ఉంది. అబ్రుజ్జో గొర్రెల కాపరుల సీమ. అక్కడ ఈ వైన్‌కు జోడీ అర్రోస్తిచీని: మటన్‌ను చిన్న చిన్న ముక్కలు కోసి, మధ్యమధ్యలో కొవ్వు వచ్చేలా పుల్లకు గుచ్చి, ఇరుకైన పొడవాటి కుంపటి మీద కాల్చి, ఉప్పు చల్లుతారు. కొవ్వు నిప్పుల మీద పడి చిటపటమంటుంటే పుల్లలు తిప్పుతూ ఉంటారు. మాంసంలోని ప్రోటీన్ టానిన్లను పట్టేసుకోవడంతో నోట్లో వగరు మెత్తబడుతుంది. మన వంటింట్లో మిరియాల మటన్ వేపుడో, కారం తగ్గించిన కీమానో ఆ పని చక్కగా చేస్తుంది. గుంటూరు కారం దట్టించిన కూరతో తాగితే మిర్చి మంటా ఆల్కహాలూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి, వగరు ఇంకా గరుకుగా తోస్తుంది. గోంగూర మటన్ పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది. మాంసం తిననివాళ్లు ముదిరిన గట్టి చీజ్‌తో తాగి చూడవచ్చు.

పచ్చి చేదుకు ఇంట్లో మందు లేదు. ఈసారి కొనేటప్పుడు లేబుల్ మీద కొల్లీనె తెరమానె అని ఉందేమో చూడండి. తేరమో జిల్లా కొండవాలు తోటలది, 2003లో డీఓసీ కంటే ఒక మెట్టు పైనుండే డీఓసీజీ హోదా పొందింది, అందులో మోంటెపుల్చానో కనీసం 90 శాతం ఉండాలి. ధర కొంచెం ఎక్కువే, కానీ నిబంధనలు తీగకు తక్కువ కాపే అనుమతిస్తాయి. ఆ తేడా గ్లాసులో తెలుస్తుంది.

పేరు అదే, రుచి వేరే

సీసా మీద "వీనో నోబిలె ది మోంటెపుల్చానో" అని ఉందా? అయితే మీరు కొన్నది వేరే వైన్. అక్కడ మోంటెపుల్చానో అంటే టస్కనీలో సియెనా జిల్లాలోని ఊరు, వైన్‌లో ప్రధానంగా ఉండేది సాంజోవేజె ద్రాక్ష. పులుపు ఎక్కువ, రంగు తక్కువ, ధర సాధారణంగా ఎక్కువ. మన ద్రాక్షకూ ఆ ఊరికీ కలిసేది పేరు ఒక్కటే. "దాబ్రుజ్జో" అన్న మాట కోసం చూడండి. అది దొరక్కపోతే పక్కనున్న మార్కె ప్రాంతపు రోస్సో కోనెరో తీసుకోవచ్చు, అందులో ఉండేది ఎక్కువగా మోంటెపుల్చానోనే.

వైన్ లేత ఎరుపులో ఉంటే నీళ్లు కలిపారనుకోకండి, అది చెరసువోలో దాబ్రుజ్జో కావచ్చు. అదే ద్రాక్షను తొక్కలతో కొద్దిసేపే ఉంచి తీసే గులాబీ రంగు వైన్. చల్లగా తాగాలి.

తడిసిన అట్టపెట్టె వాసన

బిరడాలోంచి వచ్చిన టీసీఏ అనే రసాయనం. గాలి తగిలే కొద్దీ ఇంకా బయటపడుతుంది, తగ్గదు. తాగితే ప్రమాదమేమీ లేదు గానీ పండు రుచి మొత్తం చంపేస్తుంది. బిల్లుతో సహా సీసా వెనక్కి ఇవ్వండి, మొహమాటపడొద్దు.

బిరడా పైకి తన్నుకొచ్చింది, వైన్ ఉడికించిన జామ్‌లా ఉంది

రవాణాలోనో, ఏసీ లేని గోడౌన్‌లోనో, ఎండలో ఆపిన కారులోనో సీసా బాగా వేడెక్కింది. లోపలి వైన్ వ్యాకోచించి బిరడాను నెట్టింది. దీన్ని బాగుచేయలేం. షాపులో కొనేటప్పుడే బిరడా మీది రేకును తడిమి చూడండి: ఉబ్బెత్తుగా ఉన్నా, అంచున జిగురుగా కారినట్టున్నా వద్దనండి. ఇంట్లో అటక మీద, ఫ్రిజ్ పైన పెట్టకండి.

అడుగున మడ్డి

రంగు, టానిన్లు కలిసి పేరుకున్నది, లేదా చిన్న పలుకుల్లా ఉండే టార్టారిక్ ఆమ్లపు లవణం. రెండూ హాని చేయవు. సీసాను ఒకరోజు నిలబెట్టి, కదపకుండా నెమ్మదిగా ఒంచి, చివరి రెండు చెంచాలు వదిలేయండి.

మిగిలిన సగం సీసా మర్నాటికి పుల్లబడింది

తెరిచిన సీసాను టేబుల్ మీద వదిలేస్తే గాలి వైన్‌ను నీరసపరుస్తుంది, బాక్టీరియా ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మారుస్తుంది. చిన్న సీసాలోకి అంచుదాకా నింపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. తాగే అరగంట ముందు బయటికి తీయండి. కాస్త నీరసించిందనిపిస్తే మటన్ ఉడికేటప్పుడు ఒక గ్లాసు పోయండి, సన్నటి మంట మీద ఘాటు పోయేదాకా ఇగరనివ్వండి. వెనిగర్ వాసన గట్టిగా కొడుతుంటే కూరలో కూడా వద్దు, పారబోయండి.