పాత వీడియో గేమ్ పెట్టె మొరాయిస్తే: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి మరమ్మతు

నింటెండో సంస్థ 1983 జూలై 15న జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే వీడియో గేమ్ పెట్టె మన ఊళ్లకు ఆ పేరుతో రాలేదనే చెప్పాలి. 1990లలో విజయవాడ, గుంటూరు ఇళ్లలో పిల్లలు టీవీకి తగిలించుకుని ఆడిన పెట్టెల్లో ఎక్కువ భాగం ఆ నమూనాను అనుసరించి తయారైన నకలు యంత్రాలే. అటక మీద దుమ్ము పట్టిన అలాంటి పెట్టెను దించి కరెంటు ఇవ్వగానే పని చేయకపోతే, చిప్పు కాలిపోయిందని నిర్ణయించుకుని పాత సామాన్లవాడికి ఇచ్చేయడం తొందరపాటు అవుతుంది. వీటిలో చిప్పులు చెడడం అరుదు. లోపం ముందుగా కరెంటు దారిలోనో, లోహం లోహాన్ని తాకవలసిన చోటనో ఉంటుంది కనుక, వెతుకులాట కూడా అదే వరుసలో సాగాలి.

ఇందుకు వోల్టులు, ఓమ్స్ కొలిచే ఒక మల్టీమీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు ఉంటే చాలు. కావలసిన విడిభాగాలు మామూలు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికేవే కాబట్టి, విజయవాడలో గవర్నర్‌పేట వైపు ఒకసారి వెళ్తే సరిపోతుంది.

స్విచ్ వేసినా దీపం వెలగదు

పెట్టెను విప్పే ముందు అడాప్టర్‌ను పరీక్షించండి. అసలు ఫ్యామికామ్‌కు ఇచ్చిన అడాప్టర్ 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లది. దాని పిన్ను మధ్యభాగం నెగెటివ్, బయటి అంచు పాజిటివ్. నేడు అంగళ్లలో దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. తిరగబడిన కరెంటును అడ్డుకునే డయోడు అన్ని నకలు యంత్రాల్లోనూ ఉండదు కనుక, పిన్ను దూర్చడానికి ముందే మీటరుతో ధ్రువాలు సరిచూసుకోవాలి.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఎన్ఈఎస్ పెట్టె (ఫ్యామికామ్‌కు అమెరికా రూపం) విషయంలో ఇంకొక ప్రమాదం ఉంది. దానితో వచ్చే అడాప్టర్ 120 వోల్టులకు తయారైనది కనుక, మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. పైగా అది ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. పొరపాటున దాన్ని ఫ్యామికామ్ తరహా పెట్టెకు తగిలిస్తే ఆ పెట్టె కూడా పాడవుతుంది. ఎన్ఈఎస్ లోపల ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫయర్ ఉన్నందున, దానికి ఇక్కడ దొరికే 9 వోల్టుల, 1 ఆంపియర్ డీసీ అడాప్టర్‌ను ఏ ధ్రువంతోనైనా వాడుకోవచ్చు.

అడాప్టర్ బాగానే ఉంటే పెట్టె విప్పి, వచ్చిన వోల్టులను 5కు తగ్గించే 7805 రెగ్యులేటర్‌ను గుర్తించండి. మూడు కాళ్ల నల్లని భాగం, సాధారణంగా ఒక లోహపు రేకుకు బిగించి ఉంటుంది. అక్షరాలు మనవైపు, కాళ్లు కిందికి ఉండేలా చూస్తే ఎడమ కాలు కరెంటు లోపలికి వచ్చేది, మధ్యది గ్రౌండు, కుడి కాలు 5 వోల్టులు బయటికి ఇచ్చేది. ఎడమ కాలి దగ్గర ఏమీ లేకపోతే లోపం స్విచ్‌లోనో, అడాప్టర్ దూర్చే సాకెట్ అతుకులోనో ఉంది. ఎన్నో ఏళ్లు లాగి పెట్టడం వల్ల సాకెట్ కాళ్ల చుట్టూ సీసం పగిలి ఉండడం చాలా తరచుగా కనిపిస్తుంది, మళ్లీ సీసం పోస్తే సరిపోతుంది. అక్కడ 9 వోల్టులున్నా కుడి కాలి దగ్గర ఏమీ రాకపోతే, కరెంటు తీసేసి 5 వోల్టుల దారికీ గ్రౌండుకూ మధ్య ఓమ్స్ కొలవండి. సున్నాకు దగ్గరగా ఉంటే బోర్డులో ఎక్కడో షార్టు ఉంది, లేకుంటే రెగ్యులేటరే పోయింది. కొత్తది వేయడం చవకైన పని. కుడి కాలి దగ్గర 4.8 నుంచి 5.2 వోల్టుల మధ్య కొలత వచ్చేవరకు ఇంకే భాగం జోలికీ వెళ్లవద్దు.

కొంతసేపు ఆడాక బొమ్మ చెదిరిపోతుంది, లేదా ఆట ఆగిపోతుంది

మన ప్రాంతంలో, ముఖ్యంగా ఎండ 45 డిగ్రీల దరిదాపులకు చేరే మే నెలలో, ఎక్కువగా ఎదురయ్యే లక్షణం ఇదే. 7805 తనకు అందిన వోల్టుల్లో ఐదింటిని చిప్పులకు ఇచ్చి, మిగిలినవాటిని వేడిగా మార్చి వదిలేస్తుంది. పెట్టె అర ఆంపియర్ లాగుతోందనుకుంటే, 9 వోల్టులు అందినప్పుడు నాలుగు వోల్టుల తేడా మీద 2 వాట్ల వేడి పుడుతుంది. అదే 12 వోల్టులు అందితే వేడి 3.5 వాట్లకు చేరుతుంది. వోల్టులు మార్చుకునే మీట ఉన్న అడాప్టర్‌ను పిల్లలెవరో 12 మీదికి తిప్పి ఉంటే పెట్టె పని చేస్తున్నట్టే కనిపిస్తుంది, కానీ గది వేడికి ఆ వేడి తోడై రెగ్యులేటర్ తనను తాను రక్షించుకోవడానికి కరెంటు ఆపేస్తుంది.

అందువల్ల మొదట అడాప్టర్‌ను 9 మీద ఉంచండి. అంతకన్నా తగ్గించడం కూడా మంచిది కాదు, ఎందుకంటే 7805కు కనీసం 7 వోల్టులు అందకపోతే నిలకడగా 5 ఇవ్వలేదు. తరువాత రెగ్యులేటర్‌కూ లోహపు రేకుకూ మధ్య వేడిని రేకుకు చేరవేసే, ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి కొత్తది పలచగా రాసి, స్క్రూ గట్టిగా బిగించండి. పెట్టెను టీవీ మీద గుడ్డ పరిచి పెట్టే అలవాటు ఉంటే, అడుగున ఉన్న గాలి రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి చెక్క బల్ల మీదికి మార్చండి.

దీపం వెలుగుతుంది, తెర మీద ఒకే రంగు లేదా చిందరవందర గడులు వస్తాయి

క్యాసెట్‌లో నోటితో గాలి ఊదడం మనందరి చేతికీ అలవాటైన వైద్యం. దాని వల్ల ఒక్కోసారి ఆట మొదలైనట్టు కనిపించినా, నిజంగా పని చేసేది క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టడమే. ఊపిరిలోని తడి మాత్రం పిన్నుల మీద మిగిలి, వాటిని మెల్లగా తినేస్తుంది.

ఫ్యామికామ్ క్యాసెట్‌కు 60 పిన్నులుంటాయి. వాటిలో దాదాపు సగం ఆట ప్రోగ్రామ్ వైపు, తక్కినవి బొమ్మల మెమరీ వైపు వెళ్తాయి. ఈ విభజన తెలిస్తే లోపం ఎటువైపుందో తెరను చూసే చెప్పవచ్చు. సంగీతం సక్రమంగా వస్తూ, బటన్లకు ఆట స్పందిస్తూ, బొమ్మలు మాత్రమే ముక్కలుగా కనిపిస్తే బొమ్మల వైపు పిన్నులు మురికిపట్టాయి. ఆట అసలు మొదలు కాకుండా తెర ఒకే రంగులో నిలిచిపోతే ప్రోగ్రామ్ వైపు అనుమానించాలి. దూదిని ఆల్కహాల్‌లో ముంచి పిన్నుల పొడవునా, నల్లని మురికి రావడం ఆగేవరకు తుడవండి. గరుకు కాగితంతో రుద్దవద్దు, పైపూత పోయిన పిన్ను మరింత త్వరగా తుప్పు పడుతుంది. పెన్సిల్ రబ్బరును కూడా ఆల్కహాల్‌కు లొంగని మరకకు మాత్రమే, అదీ ఒకసారే వాడాలని నా అభిప్రాయం.

అన్ని క్యాసెట్లతోనూ ఇదే లక్షణం వస్తే దోషం పెట్టెలోని స్లాటుది. పాత క్యాసెట్ అంచుకు ఆల్కహాల్ తడిపిన పలచని నూలుగుడ్డ చుట్టి, కరెంటు లేనప్పుడు నాలుగైదుసార్లు దూర్చి తీయండి. ఎన్ఈఎస్‌లో దీపం సెకనుకోసారి ఆరి వెలుగుతుంటే, క్యాసెట్‌ను సరిచూసే ప్రత్యేక చిప్పుకు సంకేతం అందక పెట్టె తనంతట తానే మళ్లీ మళ్లీ మొదలవుతోందని అర్థం. దానికీ మందు ఈ శుభ్రతే. ఫ్యామికామ్‌లో ఆ చిప్పు లేదు.

బొమ్మలో అడ్డపట్టీలు పాకుతాయి, లేదా రంగులు రావు

మసక పట్టీలు పైకో కిందికో నెమ్మదిగా పాకుతుంటే కరెంటులోని అలలు పూర్తిగా వడకట్టబడడం లేదు. రెండు పట్టీలుంటే ఆ అలలను వడకట్టే, ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌ను, ఒకే పట్టీ ఉంటే అడాప్టర్ బ్రిడ్జిలో తెగిన డయోడును అనుమానించాలి. కెపాసిటర్ మార్చేటప్పుడు విలువ అంతే ఉంచి, 25 వోల్టులు, 105 డిగ్రీలు అని ముద్రించి ఉన్నది తీసుకోండి. పక్కనున్న గీత నెగెటివ్ కాలిని చూపుతుంది.

జపాన్, అమెరికా పెట్టెలు ఇచ్చేది ఎన్‌టీఎస్‌సీ అనే రంగుల పద్ధతి సంకేతం కనుక, మన దేశపు పాల్ (పీఏఎల్) పద్ధతి మాత్రమే తెలిసిన పాత టీవీలో నలుపు తెలుపుగా వస్తాయి. అది పెట్టె లోపం కాదు, రెండు పద్ధతులూ తెలిసిన టీవీకి మార్చడమే మార్గం.

వరద నీటిలో తడిసిన పెట్టె

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీరు సింగ్ నగర్ ఇళ్లలోకి వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్నకు విజయవాడలో ప్రత్యేకమైన ప్రాధాన్యం వచ్చింది. అలా మునిగిన అడాప్టర్‌ను ఎంత ఎండబెట్టినా మళ్లీ వాడకూడదు, అది నేరుగా 230 వోల్టులకు తగిలే వస్తువు. పెట్టెను మాత్రం చాలా సందర్భాల్లో కాపాడుకోవచ్చు. బోర్డును విడదీసి, ఎండిన బురదను మెత్తని బ్రష్షుతో మంచినీటిలో కడిగి, నీటిలోని లవణాలు మిగలకుండా డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి, చివరగా ఆల్కహాల్‌తో కడగాలి. ఆ తరువాత ఎండలో కాకుండా నీడలో ఫ్యాను కింద రెండు రోజులు ఆరనిచ్చి, ఆకుపచ్చగా మారిన అతుకులన్నింటికీ కొత్త సీసం పోయాలి. 5 వోల్టుల దారిలో షార్టు లేదని మీటరు చెప్పిన తరువాతే కరెంటు ఇవ్వాలి.

జాయ్‌స్టిక్ బటన్లు పని చేయవు

ఒకే బటన్ మొండికేస్తే దాని కింది రబ్బరు మీదున్న నల్లని కార్బన్ పూతను, బోర్డు మీది గీతలను ఆల్కహాల్‌తో సున్నితంగా తుడవండి. అన్ని బటన్లూ ఒకేసారి పోతే కారణం తీగ. లోపల సాధారణంగా ఐదు తీగలే ఉంటాయి, అవి తెగేది చాలావరకు జాయ్‌స్టిక్‌లోకి ప్రవేశించే మలుపు దగ్గరే కనుక, ఆ రెండంగుళాలు కత్తిరించి, రంగులు తారుమారు కాకుండా మళ్లీ అతికితే చాలు.

తుపాకీ గురి చూసినా పక్షి పడదు

తెర మీది పక్షులను కాల్చే ఆటకు వాడే తుపాకీని ఎల్ఈడీ టీవీ ముందు ఎంత బాగు చేసినా ఫలితం ఉండదు. ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరను ఒక క్షణం నల్లగా మార్చి, పక్షి ఉన్న చోట తెల్లని గడి చూపిస్తుంది, ఆ వెలుగు వెంటనే తుపాకీ గొట్టంలోని కన్నుకు చేరాలి. పిక్చర్ ట్యూబు టీవీ ఆ పని ఆలస్యం లేకుండా చేస్తుంది. కొత్త టీవీలు బొమ్మను ముందు నిల్వ చేసి సవరించి చూపుతాయి కాబట్టి, వెలుగు వచ్చేసరికి ఆట ఎదురుచూసే సమయం దాటిపోతుంది. ఇతర ఆటల్లో బటన్ నొక్కాక దూకడం ఆలస్యంగా అనిపించడానికీ ఇదే కారణం, అక్కడ టీవీ మెనూలో గేమ్ మోడ్ పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

పాత సామాన్ల దుకాణాల్లో దొరికే ట్యూబు టీవీని తెచ్చుకుంటే, దాని వెనుక మూత మాత్రం మీరు విప్పవద్దు. స్విచ్ ఆపిన తరువాత కూడా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండవచ్చు కనుక ఆ పని టీవీ మెకానిక్‌కే వదిలేయండి. టీవీ వెలుతురును పూర్తిగా పెంచి, గదిలో ట్యూబులైటు ఆపి, తుపాకీ గొట్టంలోని కటకాన్ని దూదితో తుడిచి గురి చూడండి. అప్పటికీ పక్షి పడకపోతే తుపాకీ తీగను, జాయ్‌స్టిక్ తీగను పరీక్షించినట్టే మీటరుతో ఒక్కొక్కటిగా పరీక్షించాలి.