నల్లపావులతో ఎదురుదాడి – 6వ పాఠం: ఎఫ్2 గుర్రాన్ని తీసేదెవరు?

ఈ వారం కొత్త ఆట మొదలుపెడదామనుకున్నాను, కుదరలేదు. పోయిన పాఠంలోని ఆరోనియన్–ఆనంద్ చదరంగం ఆటలో (నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ, 2013 జనవరి; ఆనంద్‌వి నల్లపావులు) 16వ ఎత్తు నల్లవాళ్లు ఏం వేయాలన్న ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోయారు. "జి4 గుర్రాన్ని వెనక్కి తెచ్చేస్తాను సార్" అన్న జవాబులే ఎక్కువ.

ఈ ఆట మొదలైన పద్ధతి పేరు మెరాన్, దాని మొదటి ఎత్తులు మళ్లీ చెప్పను. తెల్ల బిషప్ డి3 నుంచి ఇ2కి వచ్చాక బోర్డు చూడండి (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస). తెల్లవాళ్ల హెచ్7 గుర్రం మన ఎఫ్8 ఏనుగు మీద, డి4 బంటు సి5 బిషప్ మీద, ఇ2 బిషప్ జి4 గుర్రం మీద గురిపెట్టి ఉన్నాయి. మూడు పావులు పోయేలా ఉంటే ఆనంద్ నాలుగోదీ ఇచ్చాడు: డి7 గుర్రాన్ని ఇ5లో పెట్టాడు!

దాన్ని డి4 బంటు తీసే వీల్లేదు. అది ఇ5కి వెళితే సి5 బిషప్ రాజుకు చెక్ ఇస్తుంది. ఎఫ్4 బంటు తీస్తే మన క్వీన్ డి4లో చెక్, రాజు హెచ్1కి, క్వీన్ జి1లో చెక్, ఏనుగు దాన్ని తీయాల్సిందే, గుర్రం ఎఫ్2లో చెక్‌మేట్.

"సి2 క్వీన్ ఆ గుర్రాన్ని తీసేయదా?" అని మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. తీయదు. సి2, డి2, ఇ2, ఎఫ్2 అని వేలు పెట్టి లెక్కపెట్టండి. ఇ2లో వాళ్ల బిషప్పే అడ్డం! అది డి3లోనే ఉంటే క్వీన్ హాయిగా తీసేది. జి1లోకి వచ్చిన ఏనుగూ ఎఫ్2ని వదిలేసింది. రాజుకు గళ్లు లేవని మురిసిపోకండి. చెక్ ఇచ్చే గుర్రాన్ని తీయగల పావు ఉందేమో ముందు చూడండి. నేనైతే గుర్రం మేట్ కనబడగానే అవతలి క్వీన్ ఎక్కడుందో చూస్తాను, రాజును తర్వాత.

ఆరోనియన్ జి4 గుర్రాన్ని తీశాడు. బిషప్ డి4లో చెక్, ఇ5 గుర్రం జి4లోకి, ఆపైన మన బంటు ఎఫ్5కి రావడంతో తెల్ల క్వీన్‌కు హెచ్7 దారి బంద్. 23వ ఎత్తులో మన బిషప్ ఇ3కి రాగానే రిజైన్ చేశాడు.

అభ్యాసం: ఆ చివరి పొజిషన్ పెట్టుకోండి. తెల్ల బిషప్ ఇ3లో తీస్తే? క్వీన్ తీస్తే? హెచ్3 బంటు జి4 గుర్రాన్ని తీయొచ్చా? పావులు కదపకుండా, ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) తెరవకుండా రాయండి. అది తేలికనిపిస్తే, 16వ ఎత్తులో తెల్లవాళ్లు బిషప్‌ను కదపకుండా డి4 బంటుతో సి5లో తీసి ఉంటే ఏమయ్యేదో కనీసం ఐదెత్తులు రాసి పంపండి.