కార్బురేటర్ల బ్యాలెన్స్: గేజీలు తగిలించే ముందు

హోండా సిబి750 లాంటి పాత బైకులో నాలుగు కార్బురేటర్లు (పెట్రోలు, గాలి కలిపి ఇంజిన్‌కి పంపేవి) ఉంటాయి. నాలుగూ సమానంగా పనిచేసేలా, వాక్యూమ్ గేజీలు (ఒక్కో సిలిండర్ గాలి పీల్చే బలాన్ని చూపించే మీటర్లు) పెట్టి సరిచేయడమే బ్యాలెన్స్. ఆ పని ఇంట్లోనే చేసుకునేవాళ్లకి:

- ముందు వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని ఖాళీ), ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టే సమయం) చూసుకోండి. అవి తేడాగా ఉంటే గేజీ చూపించేది నమ్మలేం. కార్బురేటర్లని ఇంజిన్‌కి కలిపే రబ్బరు జాయింట్ల దగ్గర గాలి లీకున్నా అంతే.
- గేజీలన్నిటినీ ఒకే సిలిండర్‌కి మార్చి మార్చి పెట్టి చూడండి. చవక సెట్లలో ఒక్కోటి ఒక్కో అంకె చూపించడం మామూలే.
- ఆరుబయటే చేయండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం మాత్రం తీస్తుంది.
- ట్యాంక్ తీస్తే, విడి పెట్రోలు సీసాను ఇంజిన్ వేడికి దూరంగా, కార్బురేటర్ల కంటే ఎత్తులో గట్టిగా కట్టండి. మంటలార్పే సిలిండర్ చేతికందాలి. సిగరెట్ సంగతి చెప్పక్కర్లేదు.
- ఇంజిన్ వేడెక్కాకే రీడింగ్. నిలబెట్టిన బండికి గాలి తగలదు కాబట్టి ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టండి.
- పెట్రోలు, గాలి పాళ్లు మార్చే మిక్స్చర్ స్క్రూల జోలికి ఇప్పుడు వెళ్లొద్దు.